వెలిసిన పచ్చ

"బెంగళూరా మామిడి ఉండాదా అప్పా?"

"కాయా, పండా?"

"ఒళ్ళు పండిండాల. ముక్కు పచ్చగా ఉండాల."

కృష్ణగిరి మండీలో ఆ వ్యాపారికి ఆ సంకేతం చాలు. బుట్టలు పక్కకు జరిపి, వెనుక గది తలుపు చూపించాడు. శశికళ లోపలికి నడిచింది.

మాగిన మామిడి వాసన మధ్య, గూఢచారి విభాగం చీఫ్ అనంతకుమార్ చెక్కపెట్టె మీద కూర్చుని ఉన్నాడు. ఉపోద్ఘాతం ఆయనకు అలవాటు లేదు.

"శనివారం హోసూరు టెస్టింగ్ యార్డులో కొత్త యుద్ధ ట్యాంకు గేర్‌బాక్స్ ట్రయల్. దాన్ని తయారు చేసిన ఇంజనీరు వెంకటేశులును అక్కడే చంపాలని ఒక విదేశీ ముఠా ప్లాన్."

"ట్రయల్ ఆపండి."

"ఆపితే ఇంటికి వెళ్ళి చంపుతారు. హంతకుడి ముఖం మనలో ఎవరూ చూడలేదు. వాడు గేటు దాకా రావాలి. గేటు దాటకూడదు."

"ఎలా వస్తాడు?"

"దొంగ పాసుతో. అసలు పాసు మీద ఒక పచ్చ పట్టీ ఉంటుంది. గార్డు దగ్గరున్న నమూనాతో ఆ పచ్చ అచ్చంగా సరిపోవాలి. దొంగది హోసూరు పక్కన మూకండపల్లిలో, శరవణన్ ప్రెస్సులో వేయిస్తున్నారు. వేయించేది నందిత."

"మన నందితా?"

"నిన్నటి దాకా మన నందిత. పాసు మీద గుర్తు పెట్టే ఆలోచన మానుకోండి. ఆవిడ భూతద్దంతో చుక్క చుక్కా చూస్తుంది."

ఇరవై ఏళ్ళ సర్వీసులో శశికళ తుపాకులను క్షమించింది, విషాలను క్షమించింది. నందిత ప్రభుత్వ ఖర్చుతో విదేశంలో కలర్ సైన్స్ చదివి, ఆ చదువును ఒక మనిషి ప్రాణానికి వెల కట్టడానికి వాడుకోవడం మాత్రం ఆమె క్షమించగల నేరాల జాబితాలో లేదు.

మర్నాడు మూకండపల్లి ప్రెస్సులో తాయారమ్మ అనే కొత్త ఆపరేటరు చేరింది. నెరిసిన విగ్గు, లావుపాటి కళ్ళద్దాలు, చెవిటి మెషీన్. ఆ చెవిటి మెషీన్ నిజానికి రేడియో.

నందిత వచ్చేలోగా ఆ వేషంలోని శశికళకు కావలసింది ఫోటోషాప్‌లో ఒక్క కిటికీ: కలర్ సెట్టింగ్స్.

కంప్యూటరులో రంగు అంటే అంకెలు. ఆ అంకెలను ఏ కాగితానికి, ఏ ఇంకుకు రాశారో చెప్పే చీటీ ఒకటి ఫైలుకు అంటుకుని ఉంటుంది. దాని పేరు ప్రొఫైల్. అంకెలతో పాటు చీటీని కూడా మారిస్తే తెర మీద బొమ్మ మారదు. నందితకు ఇదంతా కంఠస్థం. అయితే హోసూరు ప్రెస్సుల ఆచారం ఆమెకు తెలియదు. ఇక్కడ ఫిల్మ్ తీసే మెషీన్లలో చీటీ చదివే ఆప్షన్‌ను ఏనాడో తీసేశారు, పని నెమ్మదిస్తుందని. మెషీన్ అంకెలను మాత్రమే నమ్ముతుంది.

శశికళ ఆ కిటికీలో, వర్కింగ్ స్పేస్ అన్న చోట, న్యూస్‌పేపర్ ప్రొఫైల్ పెట్టింది. న్యూస్‌పేపర్ ఇంకును ఎక్కువ పీల్చే కాగితం కాబట్టి, ఆ చీటీ రంగు అంకెలను తగ్గించేస్తుంది. తెరిచిన ప్రతి ఫైలూ దానిలోకి కన్వర్ట్ కావాలని ఆదేశించింది. 'తెరిచేటప్పుడు అడుగు' అన్న చోట టిక్ తీసేసింది.

అత్తరు వాసన ముందుగా వచ్చింది. తరువాత నెమలికంఠం రంగు పట్టుచీర, దానిలో నందిత.

"లే. నేనే తెరుస్తాను."

సీడీ పెట్టింది. ఫైలు ఏమీ అడగకుండా తెరుచుకుంది. నందిత వేరొకరి పేరున్న అసలు పాసును తెర పక్కన పట్టుకుంది. పచ్చకు పచ్చ, అచ్చంగా సరిపోయింది. అయినా ఆమె కనుబొమ ముడిపడింది.

"ఇది ప్రొఫైల్ గురించి అడగాలే? ఎందుకు అడగలేదు?"

మౌస్ ఎడిట్ మెనూ వైపు కదిలింది. ఆ మెనూ చివరనే కలర్ సెట్టింగ్స్.

"దినామూ అది అడగడం, నేను ఓకే కొట్టడం. ఇసుగొచ్చి మాన్పించినానమ్మా," అంది తాయారమ్మ. "అయినా బిర్రున కానీండి. కరెంటు పోయే టైము. పోయిందంటే మళ్ళా సాయంత్రమే!"

నందిత తెర వైపు చూసింది, మినుకుమంటున్న ట్యూబ్‌లైటు వైపు చూసింది. సేవ్ నొక్కింది.

ఫిల్మ్ వచ్చింది, ప్లేటు వచ్చింది. ఆఫ్‌సెట్ మెషీన్ మీది నుంచి మొదటి షీటు తడిగా దిగింది.

"పచ్చ వెలిసినట్టుందే?" నందిత గొంతు పదునెక్కింది. "ఇంకు పెంచు."

ఇంకు పెంచితే రంగు సరిపోతుంది. సరిపోతే వెంకటేశులు చస్తాడు.

ప్రెస్సు ఓనరు శరవణన్ లుంగీ ఎగ్గట్టి, షీటును అటూ ఇటూ తిప్పాడు.

"తడి మీద అట్లే ఉంటాదమ్మా. ఆరితే సరిపోతాది."

"నిజంగానా?"

"ముప్పై ఏండ్లుగా వేస్తా ఉండాను. నాకు తెలీదా?"

ఆరిన ఇంకు వెలవెలబోతుందే తప్ప ముదరదు. ఈ జిల్లాలో ప్రతి ప్రెస్సువాడూ ప్రతి కస్టమరుకూ ఈ అబద్ధమే చెబుతాడు. శశికళ తన పెళ్ళి శుభలేఖల నాడే ఆ అబద్ధాన్ని అసహ్యించుకుంది. ఈరోజు తల వంచుకుని ఊరుకుంది. నందిత గడియారం చూసుకుని పాసు కత్తిరించుకుంది.

శనివారం ఉదయం యార్డు గేటు దగ్గర అతిథులు బారులు తీరారు. అతిథి వేషంలో శశికళ గార్డు ఆంజప్ప పక్కనే నిలబడింది. చెవిలో అనంతకుమార్ గొంతు: "నందితను బెంగళూరు రోడ్డులో పట్టుకున్నాం. హంతకుడి పేరు చెప్పడం లేదు. మీదే భారం."

లోపల వెంకటేశులు ట్యాంకు దిగి గేటు వైపే వస్తున్నాడు.

ఒక పాసు. సరిపోయింది. ఇంకొకటి. సరిపోయింది. మెడలో పెద్ద కెమెరా వేసుకున్న పత్రికా విలేకరి నవ్వుతూ తన పాసు అందించాడు. ఆంజప్ప దాన్ని నమూనా పక్కన ఎండలో పెట్టాడు.

"ఏందప్పా ఇది? నీ పచ్చ ఉతికి ఆరేసినట్లుండాదే!"

నవ్వు మాయమైంది. కెమెరా లేచింది. లెన్స్ నడుమ లెన్స్‌కు ఉండకూడని సన్నటి గొట్టం. అది వెంకటేశులు గుండెకు గురి కుదిరిన క్షణంలోనే శశికళ ఆ కెమెరా బెల్టును పట్టి కిందికి గుంజింది. తూటా చప్పుడు లేకుండా నేలలో దిగి మట్టి చిమ్మింది. మరుక్షణం ఆంజప్ప లాఠీ ఆ మనిషిని మోకాళ్ళ మీద కూర్చోబెట్టింది.

వెంకటేశులు విసవిసా వచ్చాడు. దుమ్ము పడిన తన బూట్లను చూసుకున్నాడు. కెమెరా బెల్టు చేతిలో పట్టుకుని దారికి అడ్డంగా ఉన్న శశికళను ఎగాదిగా చూశాడు.

"ఏమ్మా, ఫోటో తీసుకోవాలంటే ఓరగా నిలబడి తీసుకోకూడదా? ఈడ పనిచేసేవాళ్ళం ఉండామే!"

శశికళ ఓరకు తప్పుకుని, దారి ఇచ్చింది.