తాడు కొలతకు కోసిన తుపాకీ

"షేక్ హిజామ్ ఇవాళ మధ్యాహ్నం చావకూడదు. నీ అసైన్‌మెంట్ అంతే," అన్నాడు కల్నల్ షాలాన్.

ముఖ్బిల్‌కు సీక్రెట్ సర్వీస్‌లో పదకొండేళ్ళు గడిచినా సొంత నేల మీద డ్యూటీ పడటం ఇదే మొదటిసారి. ఉత్తర యెమెన్ కొండల్లో ఖరాన్, దైఫ్ తెగలు రెండేళ్ళుగా కొట్టుకు చస్తున్నాయి. ఇవాళ రెండు తెగలూ షేక్ హిజామ్ ముందు తుపాకులు కుప్పపోసి ఆయన తీర్పుకు తలవంచబోతున్నాయి. సంధి కుదిరితే సరిహద్దు అవతల ఆయుధాలమ్మే విదేశీ ముఠాకు గిరాకీ పోతుంది. అందుకే అది హంతకుణ్ణి పంపింది.

ముఖ్బిల్ పుట్టింది ఖరాన్ తెగలో. చెల్లెలు తఖియాను ఇచ్చింది దైఫ్ తెగలో. షేక్ చచ్చాడంటే సాయంత్రానికల్లా తనవాళ్ళే ఆమె ఇంటి మీద పడతారు. ఆమెకు ముగ్గురు పిల్లలు.

"లోపలి సమాచారం ఎవరిది సార్?"

"రహఫ్‌ది."

రహఫ్ ముఠా జీతం తింటూ వీళ్ళకు కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. కాటుక కళ్ళు, ఖరీదైన అత్తరు, రెండు పాస్‌పోర్టులు. ముఖ్బిల్ ఆమెను పూర్తిగా నమ్మనూ లేదు, అనుమానించనూ లేదు.

రెండు గంటల తర్వాత అతను తేనె వ్యాపారి వేషంలో ఆయుధాల బజారులో నడుస్తున్నాడు. తలపాగా మడతలో దాచిన వైర్‌లెస్‌లోంచి రహఫ్ గొంతు వినిపించింది.

"బారెల్ కోసిన పాత తుపాకీ. ముస్లిహ్ కొట్లో ఉంది. హంతకుడికన్నా ముందు నువ్వు కొనేస్తే వాడి చేతులు ఖాళీ. కోడ్ గుర్తుందిగా?"

ముసలి ముస్లిహ్ ఇనుము రాకుతున్నాడు.

"గుహలో తేనె తీయాలి పెద్దాయనా. పొట్టిది కావాలి," అన్నాడు ముఖ్బిల్.

ముసలాయన ఆకురాయి పక్కనపెట్టి, గోనెసంచి కిందనుంచి ఒక తుపాకీ తీశాడు. చాలా చేతులు మారిన సరుకు. చెక్క మీద పాత యజమానులెవరో గీసుకున్న గీతలున్నాయి. కోసిన మూతి మాత్రం కొత్తగా మెరుస్తోంది.

ధర విన్నాక ముఖ్బిల్ మొహం చిట్లించాడు. ఈ బజారులో బేరమాడకుండా కొనేవాడు పోలీసన్నా అయ్యుండాలి, పిచ్చివాడన్నా అయ్యుండాలి.

"ముక్కు కోసేసిన దానికి ఇంత ధరా? సిగ్గులేదూ!"

"కోసినందుకే ఆ ధర నాయనా. దూరం కొట్టదు. పదడుగుల్లో ఉన్నవాడికి మాత్రం మందు అక్కర్లేదు."

"సగం ఇస్తా."

"సగానికి కోసి పారేసిన ముక్క ఇస్తా, పట్టుకుపో."

ఎలాగో బేరం కుదిరింది. తుపాకీని గుడ్డలో చుడుతూ ముసలాయన మామూలుగా అడిగాడు. "అయినా మీవాడు పొద్దున్నే ఒకటి పట్టుకెళ్ళాడుగా. రెండోది దేనికి?"

ముఖ్బిల్ డబ్బు లెక్కపెడుతూనే ఉన్నాడు. "స్పేర్‌కి," అన్నాడు. "దానికీ ఇదే కొలతా?"

"మీరిచ్చిన తాడేగా! తుపాకీ మడతపెడితే పొడవు ఈ తాడు దాటకూడదని మరీ మరీ చెప్పాడు. కోటు కింద దాచేదానికి ఇంత కచ్చితం ఎందుకో! మనకెందుకులే." తాడు అతని చేతిలో పడేశాడు.

బయటికి రాగానే ముఖ్బిల్ పళ్ళు కొరికాడు. "రహఫ్, రెండు చేయించారు."

"నాకు ఒకటే అని చెప్పారు. దేవుడి మీద ఒట్టు."

"ఒట్లు తర్వాత." జీపు దుమ్ము రేపుకుంటూ కదిలింది.

అతను చేరేసరికి మైదానంలో తుపాకుల కుప్ప మోకాలెత్తు లేచింది. మగవాళ్ళ నడుములకు బాకులు తప్ప మరే ఆయుధమూ లేదు. షేక్ హిజామ్ తివాచీ మీద కూర్చున్నాడు. ముఖ్బిల్ తాడు గుప్పిట్లో పట్టుకుని, ఆ పొడవు తుపాకీ ఎందులో పడుతుందా అని కళ్ళతోనే కొలవసాగాడు. దిండ్లు పొట్టి. నీళ్ళ డబ్బాలు ఇరుకు. అప్పుడు ఖరాన్ తెగవాళ్ళు పాట ఎత్తుకుని ముందుకొచ్చారు. వాళ్ళ ముందు పెద్ద డోలు నడుస్తోంది. దాని పొడవు సరిగ్గా తాడంత.

ఈ కొండల్లో డోలు వాయించేవాళ్ళు తెగ బిడ్డలు కారు, తెగ నీడన బతికేవాళ్ళు. తుపాకీ పట్టరు. వాళ్ళ మీద చెయ్యి వేస్తే పరువు పోతుంది. వాళ్ళను సోదా చేయాలని ఎవరికీ తోచదు కూడా. పొరబడితే ముఖ్బిల్ చెయ్యే ఈ సంధిని తెంపేస్తుంది.

"మన డోలు సరూర్ ఏడీ?" పక్కవాణ్ణి అడిగాడు.

"జ్వరమట. మేనల్లుణ్ణి పంపాడు. వెధవకి తాళమే రాదు."

డోలు మనుషులు బాకును ఎడమ పక్కకు వాల్చి కట్టుకుంటారు. ఈ మేనల్లుడి బాకు తెగ బిడ్డల బాకులా బొడ్డు మీద నిటారుగా నిలబడి ఉంది. మనిషిని చంపడానికి ఒప్పుకున్నాడు గాని, గంటసేపు డోలు మనిషిలా కనబడటానికి వాడి పొగరు ఒప్పుకోలేదు.

షేక్‌కు పదడుగుల దూరంలో వాడి కుడిచెయ్యి డోలు అడుగుకు జారింది. ముఖ్బిల్ ఎగిరి డోలు మీద పడ్డాడు. తోలు చీల్చుకుని పేలిన గుండు అతని అరచేతిని చించుకుంటూ మట్టిలో దిగింది. రెండు తెగలవాళ్ళూ కలిసి హంతకుణ్ణి నేలకదిమారు. రెండేళ్ళలో వాళ్ళు కలిసి చేసిన మొదటి పని అదే.

షేక్ తీర్పు చెప్పాడు. సంధి నిలిచింది. తఖియా ఇల్లు నిలిచింది.

సరూర్ తన గుడిసె వెనక దొరికాడు. డోలు పట్టీతోనే గొంతు బిగించారు. తఖియా పెళ్ళికి తెల్లవార్లూ డోలు కొట్టింది ఆయనే. ముఖ్బిల్ ఆ శవం పక్కన కూర్చుని ఏడ్చాడు.

కట్టు కట్టిన చేత్తోనే కల్నల్‌కు ఫోన్ చేశాడు.

"శభాష్! క్లీన్ ఆపరేషన్. ప్రాణనష్టం సున్నా అని రాసేశా."

"ఒకటి సార్. సరూర్. డోలు వాయించే ఆయన."

"డోలువాడా? వాణ్ణెవరు లెక్కేస్తారయ్యా!"

"ముఠావాళ్ళూ అదే అనుకున్నారు సార్. అందుకే షేక్‌కి పదడుగుల దూరం దాకా రాగలిగారు."