పేరు చెప్పేవాడు

పిల్లలూ, మీరు సముద్రం ఇవతల, ఈ కార్తేజ్‌లోనే పుట్టి పెరిగారు. మన రోమ్‌లో ఈ కథ తెలియని ఇల్లు లేదు. మీ చెవిన మాత్రం ఎవరూ వేసి ఉండరు.

అక్కడ పదవిలో ఉన్న దొర తెల్లవారేసరికి ఇంటి ముందరి చావడిలో కుర్చీ వేసుకుని కూర్చోవాలి. వచ్చినవాళ్లు గడప దగ్గర ఆగుతారు. కుర్చీ వెనక నిలబడ్డ నౌకరు వాళ్ల పేరు దొర చెవిలో మెల్లగా చెబుతాడు. దొర పేరు పెట్టి పిలిస్తేనే లోపలికి అడుగు పెట్టాలి. దొర మాత్రం వెనక్కి తల తిప్పకూడదు. తిప్పాడా, పేరు మరిచిపోయాడని ఊరంతా నవ్వుకుంటుంది.

ఫౌస్టినస్‌కు నగరపాలకుడి పదవి వచ్చేనాటికి గోత్ సేనలు ఊరు దోచుకుపోయి, జనం చెల్లాచెదురయ్యారు. తాత, తండ్రి చేసిన పదవే. చూసి మురిసేవాళ్లే ఇంట్లో లేరు. భార్య సబీనా అంతకు ముందేడు చనిపోయింది. ఒక్కగానొక్క కొడుకు లూపస్‌ను, రోమ్‌లో ఉంటే ఏమవుతాడో అని, దాది వెంట ఓడెక్కించి కార్తేజ్ పంపాడు. ఓడ చేరిందన్న కబురు ఇంకా రాలేదు. ఆ బెంగతో ఆయనకు అన్నం సహించడం లేదు.

పేర్లు చెప్పే ముసలి నౌకరు హిలారస్ ఆయన్ని ఎత్తుకు పెంచినవాడు. పదవిలో కూర్చునే ముందురోజు దొర బట్టలు మడతపెడుతూ, "రేపెవరూ రాకపోతే నేనే నాలుగు పేర్లు పెట్టుకుని నాలుగుసార్లు వస్తాలే బాబూ" అన్నాడు.

"ఎన్ని పేర్లు పెట్టుకుంటే ఏం, ఆ వంకరకాళ్లు ఎక్కడ దాస్తావు?" అని ఫౌస్టినస్ చాలా రోజుల తర్వాత నవ్వాడు.

తెల్లవారింది. పొగమంచు చావడి లోపలిదాకా వచ్చింది. ఫౌస్టినస్ కూర్చున్నాడు. వెనక అడుగుల చప్పుడైంది. హిలారస్ వచ్చి నిలబడ్డాడనుకున్నాడు.

చాలాసేపు ఎవరూ రాలేదు. దీపం వత్తి చిటపటలాడుతోంది. ఎక్కడి నుంచో తడి మట్టి వాసన...

గడప దగ్గర ఒక ఆకారం ఆగింది. తల మీద ముసుగు.

"పోర్షియస్ గారు" అని చెవిలో గుసగుస.

హమ్మయ్య, ఒకరైనా వచ్చారు. "రండి, పోర్షియస్ గారూ" అన్నాడు ఆత్రంగా. ఆకారం గడప దాటి, గోడవార నిలబడింది. అప్పుడు గుర్తొచ్చింది. పోర్షియస్ తన మేనమామ. ఆయన పాడె మోసింది తనే.

గడప దగ్గర ఇంకో ఆకారం.

"సబీనా" అంది గుసగుస.

పిలవకూడదని తెలుసు. తెలిసే పిలిచాడు. ఎన్నాళ్లుగానో ఆ పేరు పైకి అనలేదు మరి. ఆమె లోపలికి వచ్చింది. ఆయన వంక చూడనైనా లేదు. వెనుదిరిగి, గడపకేసి చెయ్యి చాచి నిలబడింది.

ఎవరినో అందుకోవడానికన్నట్టు.

ఈసారి వచ్చిన ఆకారం చిన్నది. దానితో పాటే సముద్రపు ఉప్పు వాసన...

చెవి దగ్గర ఊపిరి కదిలింది.

"వద్దు... ఆ పేరు చెప్పకు" అన్నాడు ఫౌస్టినస్.

అప్పుడూ తల తిప్పలేదు. పుట్టినప్పటి నుంచీ నేర్చిన మర్యాద అది. భుజం మీదుగా చెయ్యి వెనక్కి చాచి, వెనకున్నవాడి నోరు గట్టిగా మూశాడు. పేరు వినకపోతే పిలవనక్కర్లేదు. పిలవకపోతే లూపస్ చచ్చినవాళ్లలో చేరడు. అలాగే ఉండిపోయాడు... చెయ్యి తిమ్మిరెక్కింది.

వీధి తలుపు కిర్రుమంది. వంకరకాళ్లతో పరుగులాంటి నడక.

"ఆలస్యమైంది బాబూ" అన్నాడు హిలారస్, వీధిలోంచి వస్తూ, ఆయాసంతో. "రేవు నుంచి మనిషి వచ్చాడు. ఓడ కార్తేజ్ చేరిందట. పిల్లాడు క్షేమం."

గడప దగ్గరి చిన్న ఆకారం కదల్లేదు. సబీనా చెయ్యి దించలేదు.

ఫౌస్టినస్ అరచేతి కింద, చల్లగా, పెదాలు ఇంకా ఆడుతూనే ఉన్నాయి.

పిల్లలూ, ఇది మీ పిల్లలకూ చెప్పండి. వెనక నుంచి ఎవరైనా పేరు అందిస్తే, పరువు పోయినా సరే, పిలిచేముందు ఒక్కసారి తిరిగి చూడమనండి.