నాలుగో గేరు

"కాస్త కారు వెనక్కి తీస్తారా?" అని ఇంద్రజ మూడోసారి అడిగింది.

"తియ్యలేనండి," అన్నాడు ఆ యువకుడు, మూడోసారీ అంతే మర్యాదగా.

సౌదీలోని తాయిఫ్ ఊళ్ళో, సనాయియా అనే, మెకానిక్ షెడ్లన్నీ వరసగా ఉండే పేటలో, అల్లాబకాష్ షెడ్డు ముందు జరుగుతోందీ సంభాషణ. ఇంద్రజ వాళ్ళ చిన్న కారు షెడ్డు లోపలుంది. బయటికి రావడానికి వీల్లేకుండా, గుమ్మానికి అడ్డంగా, యాభై ఏళ్ళనాటి అమెరికన్ కారొకటి పడుకుని ఉంది. ఆగి ఉంది అనడానికి మనసొప్పదు. అంత పొడుగున్నది ఏదైనా పడుకున్నట్టే ఉంటుంది.

"ఎందుకు తియ్యలేరో చెప్తారా?"

"ఇది వెనక్కి పోదండి. గేర్‌బాక్స్ ఖరాబైంది, రివర్స్ పడుతలేదు. ముందుకైతే మంచిగనే పోతది."

"ముందు గోడ ఉంది."

"అదే ప్రాబ్లమ్."

చివరికి మెకానిక్ అల్లాబకాష్ కూడా వచ్చి, ముగ్గురూ కలిసి తోశారు. ఇంద్రజ ఫిజియోథెరపిస్టు. కొండ మీద హదాలోని రిహాబ్ సెంటర్లో రోజూ పదిమంది నడుములు సరిచేస్తుంది. ఆ సాయంత్రం తన నడుమే పట్టేసింది.

"సారీ అండి. మీరు ఏ డిపార్ట్‌మెంట్?" అన్నాడతను, ఆమె తెల్లకోటుకి అంటిన గ్రీజు వంక దిగులుగా చూస్తూ.

"నడుములు. రేపు మీకూ నాతో పని పడుతుంది, రండి."

మర్నాడు నిజంగానే వచ్చాడు. నడుము నొప్పి లేదు. ఒక అట్టపెట్టెడు దానిమ్మపళ్ళు, దాని మీద "సారీ" అని రాసిన చీటీ ఉన్నాయి.

పేరు అనురాగ్, ఊరు కరీంనగర్. నీటి పైపులైన్ల కంపెనీలో ఇంజనీరు. ఆఫీసు పని మీద హాయిల్ వెళ్ళినప్పుడు ఒక గోధుమ పొలంలో ఈ కారు కనిపించిందట. వెనక సీట్లో కోళ్ళు కాపురం ఉంటున్నాయట.

"మరి కొనడమెందుకు?"

"చూస్తే పాపమనిపించింది."

"కోళ్ళనా?"

"కారును." పెట్టె ఆమె బల్ల మీద పెడుతూ, "కోళ్ళను కూడా," అన్నాడు.

ఇలాంటి మనిషిని తిట్టడానికి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో ఇంద్రజకి తెలియలేదు.

అల్లాబకాష్‌ది ప్రొద్దుటూరు. ఇరవై రెండేళ్ళుగా తాయిఫ్‌లోనే ఉంటున్నా, మాట మాత్రం నిన్న సాయంత్రం బస్సు దిగినట్టే ఉంటుంది.

"పాత గేరు డబ్బా పనైపోయింది సార్. కొత్త ఆటోమేటిక్ తెప్పించాల్సిందే. రెండు రకాలుండాయి. మూడు గేర్లది మొండిది, ఏం జేసినా తట్టుకుంటాది. నాలుగు గేర్లది సుకుమారం. దాని కేబులు రవ్వంత తేడాగా కట్టినా నెలకే కాలిపోతాది. కానీ దూరం పోయేటప్పుడు నాలుగో గేర్లో ఇంజనుకు ఆయాసం ఉండదు, సల్లగా పోతాది."

"నువ్వైతే ఏది తీసుకుంటవన్నా?"

"నన్నడిగితే ఎట్ల సార్? నువ్వు యాడికి పోతావో జెప్పు. తాయిఫ్‌లో తిరిగి, హదా ఘాటు దిగి జెద్దాకు పొయ్యొచ్చేదానికి మూడు సాలు. హాయిల్ మాదిరి దూరాలకైతే నాలుగు ఉండాల. నువ్వు రోడ్డు జెప్తే డబ్బా నేను జెప్తా."

ఆ రోడ్డు చెప్పడమే అనురాగ్ వల్ల కాలేదు. లాప్‌టాప్‌లో ఎక్సెల్ షీటు తెరిచాడు. మొదటి నెలకి పదకొండు కాలమ్‌లయ్యాయి. రెండో నెలలో రంగులు పడ్డాయి. మూడో నెలలో "మనసు" అని ఒక కాలమ్ వచ్చింది. అది ఖాళీగానే ఉంది.

ఆ మూడు నెలల్లో ఇంద్రజ తన కారుకి మూడుసార్లు ఆయిల్ మార్పించింది. అంత ఆయిల్ ఏ కారూ తాగదని అల్లాబకాష్‌కి తెలుసు. తెలిసిందల్లా చెప్పే రకం కాదాయన.

ఒక సాయంత్రం కొండల మీంచి వాన దిగింది. తాయిఫ్ వాన చెప్పి రాదు, వచ్చాక మొహమాటపడదు. షెడ్డు రేకుల మీద ఆ చప్పుడుకి మాటలు వినబడాలంటే దగ్గరగా కూర్చోక తప్పదు. పాత కారు ముందు సీటు ఊడదీసి గోడ వారగా వేసి ఉంది, ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే సీటు, సోఫాలాగా. ఇద్దరూ దాని మీద కూర్చుని పాలు లేని సులేమానీ టీ తాగుతున్నారు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఖాళీ. ఆ ఖాళీలో లాప్‌టాప్.

"గేరు లివరు స్టీరింగ్ పక్కన వద్దనుకుంటున్న. నడుమ ఫ్లోర్ మీద పెడితే స్టైల్ ఉంటది," అన్నాడు అనురాగ్.

"మధ్యలో ఎలా పెడతారు? సీటుందిగా."

"సీటును రెండు ముక్కలు కోసుడే."

ఇంద్రజ సీటు మీద చేయి వేసి నిమిరింది, అడ్డుపడుతున్నట్టు. "ఇంత సీటునా? మీకు చేతులెలా వస్తాయండీ!"

అనురాగ్ ఆ చేతి వంక చూశాడు. తర్వాత షీటు వంక. తర్వాత మళ్ళీ చేతి వంక. వాన కాస్త పెద్దదైంది.

ఇదే సమయమనుకుంది ఇంద్రజ.

"మా సెంటర్ వాళ్ళు హాయిల్లో కొత్త బ్రాంచ్ తెరుస్తున్నారు. నన్ను అక్కడ డిపార్ట్‌మెంట్ హెడ్‌గా వెళ్ళమంటున్నారు. గురువారంలోపు అవునో కాదో చెప్పాలి."

అతను ఏదో అనబోయాడు. ఆగి, లాప్‌టాప్ మూశాడు.

"కంగ్రాట్స్ అండి," అన్నాడు. "హాయిల్ల... గోధుమలు మంచిగ పండుతయి."

ఇంద్రజ టీ గ్లాసు కింద పెట్టి, వానలోనే కారు తీసుకుని వెళ్ళిపోయింది.

ఇంద్రజ ఉండేది పిన్ని పద్మజ ఇంట్లో. వంటింట్లో వంకాయలు తరుగుతూ పిన్ని కథంతా వింది.

"ఏమన్నాడూ? గోధుమలా?"

"నవ్వకు పిన్నీ."

"నవ్వట్లేదే. మూడు నెలల నుంచి ఓ ఇనప డబ్బా ఎంచుకోలేని పిల్లాడు నిన్నెప్పటికి అడుగుతాడని? నీకు వెళ్ళాలనుందా, లేదా?"

"ఉంది. హెడ్ పోస్ట్, వదులుకోబుద్ధి కావట్లేదు. కానీ..."

"ఆ కానీ కరీంనగర్ నుంచొచ్చింది," అంది పిన్ని, వంకాయలు నీళ్ళలో వేస్తూ.

బుధవారం దాకా అతని నుంచి ఫోన్ లేదు. ఆ పూట డ్యూటీ అయ్యాక ఇంద్రజ "ఈ అవకాశాన్ని తీసుకోలేకపోతున్నందుకు చింతిస్తున్నాను" అని ఇంగ్లీషులో మెయిల్ రాసింది. రెండుసార్లు చదువుకుంది. తాయిఫ్‌లో ఉండిపోతే ఏదో ఒక రోజు అతనికి నోరు పెగలకపోతుందా అని ఆశ. అలా ఆశపడుతున్నందుకు తన మీద తనకే కోపం. పంపే బటన్ మీద వేలు పెట్టేసరికి ఫోన్ మోగింది.

"అమ్మా, నేను అల్లాబకాష్‌ని. సారు ఆర్డర్ పెట్టేసినాడమ్మా!"

"ఏది? మూడు గేర్లదేనా?"

"లేదు లేదు. నాలుగు. నేను రెండుసార్లు అడిగినా. 'తాయిఫ్‌కు ఎందుకు సార్ నాలుగు?' అంటే నాలుగే కావాల అంటాడు. ఈడనే కూర్చోనుండాడు. నువ్వొకసారి రారాదా?"

ఇంద్రజ వెళ్ళేసరికి అనురాగ్ అదే సీటు మీద ఉన్నాడు. పక్కన లాప్‌టాప్ లేదు. అల్లాబకాష్‌కి ఉన్నట్టుండి పక్క షెడ్డులో పని పడింది.

"నాలుగు గేర్లదట?"

"అవునండి."

"తాయిఫ్‌కి మూడు చాలుగా."

"తాయిఫ్‌కు చాలు." అతను నేల వంక చూస్తూ ఒక్క గుక్కలో చెప్పేశాడు. "హాయిల్ ఇక్కడికెళ్ళి ఏడెనిమిది వందల కిలోమీటర్లున్నది. మూడు గేర్లతోని పోతే ఇంజను మొత్తుకుంటది. నేను రెండు వారాలకొకసారి పోవాలె, రావాలె. శుక్ర, శని సెలవులే. గురువారం ఆఫీసు అయినంక బయల్దేరితే..."

"ఎందుకు పోవాలి?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "మీరక్కడ ఉంటరు కదా."

ఇంద్రజకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నవ్వుని ముందు పంపించింది.

"మరి ఆ రోజు ఆ గోధుమలేంటండీ!"

"ఉండిపొమ్మని చెప్దామనుకున్న. చెప్తే నిజంగనే ఉండిపోతరేమోనని భయమైంది. అది మీకు రావాల్సిన పోస్టు. నా నోట్లె గోధుమలొచ్చినయి."

పంపని మెయిల్ ఇంద్రజ ఫోన్లో అలాగే ఉంది. అతని ముందే దాన్ని చెరిపేసి, "వస్తున్నాను" అని కొత్తది రాసి పంపింది.

"ఒకవేళ నేను హాయిల్ వద్దనుకుని ఉంటే? ఆ ఆర్డర్ క్యాన్సిల్ చేసేవారా?"

"లేదండి. వాళ్ళు వాపసు తీసుకోరు."

"అయితే ఇదీ వెనక్కి పోదన్నమాట."

"పోదు," అన్నాడు అనురాగ్. ఈసారి నేల వంక చూడలేదు. "లివరు స్టీరింగ్ పక్కకే పెట్టిస్తున్న. సీటు కోస్తలేను."

డబ్బా అమెరికా నుంచి రావడానికి ఐదు వారాలు పట్టింది. అల్లాబకాష్ దాని కేబుల్‌ని మూడు రోజులు కట్టి, విప్పి, మళ్ళీ కట్టాడు. ఇంద్రజ చేరాల్సిన రోజు దగ్గరపడింది. సామానంతా డిక్కీలో పెడితే ఇంకో కాపురానికి చోటు మిగిలింది.

"నేనూ వస్తున్నా," అని పద్మజ పిన్ని ప్రకటించింది. వచ్చి, ముందు సీట్లో సరిగ్గా మధ్యలో కూర్చుంది. ఒళ్ళో పులిహోర డబ్బా.

"వెనక సీటు ఖాళీగా ఉందిగా పిన్నీ."

"కోళ్ళు పడుకున్న సీటా? నేనెక్కను."

ఊరు దాటేదాకా పిన్ని ప్రశ్నలడుగుతూనే ఉంది. జీతం, జాతకం, కరీంనగర్‌లో కారం ఎంత తింటారు. అనురాగ్ ఒక్కోదానికి ఒక్కో అరకిలోమీటరు ఆలోచించి జవాబు చెప్పాడు.

రోడ్డు తిన్నగా అయింది. కారు లోపల చిన్న కదలిక, ఎవరో నిట్టూర్చి కుదురుగా కూర్చున్నట్టు. ఇంజను హోరు సగానికి సగం తగ్గిపోయింది.

"ఏమైంది? ఆగిపోయిందా?" అంది పిన్ని కంగారుగా.

"లేదండి. నాలుగో గేరు పడింది."

పిన్ని ఆ నిశ్శబ్దాన్ని కాసేపు విన్నది. ఎడమ పక్కన, రెండు చేతులతో బుద్ధిగా స్టీరింగ్ పట్టుకున్న అబ్బాయిని చూసింది. కుడి పక్కన, కిటికీలోంచి ఎడారి చూస్తున్నట్టు నటిస్తున్న అమ్మాయిని చూసింది.

పెట్రోలు బంకు దగ్గర దిగి మళ్ళీ ఎక్కేటప్పుడు డోరు పట్టుకుని నిలబడిపోయింది.

"నాకు గాలాడట్లేదే. నేను కిటికీ పక్కన కూర్చుంటా. నువ్వు మధ్యలోకి జరుగు."

ఇంద్రజ జరిగింది. అనురాగ్ కారు స్టార్ట్ చేయడం మర్చిపోయాడు.

పిన్ని పులిహోర డబ్బా సర్దుకుని, తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది.

"బాబూ, పెళ్ళి తేదీ నేను పెడతాను. నువ్వు మాత్రం ఆ షీటు తెరవకు."