చువ్వలో వినిపించినవాడు

ధర్మసాగర్ పోయే దారిలో ఒక నూలు మిల్లు ఉంది. వారానికి ఒక పగలు ఆగుతుంది. ఆ పగలు మిషన్లకు సెలవు, మెయింటెనెన్స్ వాళ్ళకు చాకిరీ. మిల్లు ఆవరణలో పిచ్చుకల అరుపులు కూడా వినిపిస్తాయి. వాచ్‌మన్ కుర్చీలోనే కునుకు తీస్తాడు. అటువంటి ఎండ పగలే ఇర్షాద్ నేల కిందికి దిగాడు.

దయ్యానికి పొద్దు గూకాల్సిన పని లేదు. చీకటి ఎక్కడుంటే అక్కడికి మనమే వెతుక్కుంటూ పోతాం, పొట్ట కోసం.

మిల్లు కింద ఒక గది. అందులో మనిషి కంటే ఎత్తైన ఫ్యాన్. పైన హాల్లో తేలే దూదినీ వేడి గాలినీ నేల కింది సొరంగంలోంచి లాగి బయటికి తోయడం దాని పని. ఫ్యాన్ వెనకే ఆ సొరంగం నోరు. లోపల గోడల నిండా దూది పేరుకుని తెల్లగా, మెత్తగా వేలాడుతుంది. అక్కడ మాట్లాడితే మాట తిరిగి రాదు. దూది మింగేస్తుంది. పాత నూనె వాసన, కాలిన బెల్టు వాసన, వాటి అడుగున ఇంకేదో వాసన. దానికి ఎవరూ పేరు పెట్టలేదు.

ఇర్షాద్‌ది హనుమకొండ. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ పాసై ఇక్కడ అప్రెంటిస్‌గా చేరాడు. అతనితో పాటే మొగిలి చేరాడు, దగ్గరి పల్లె పిల్లగాడు. ఒకే బెంచీ మీద చదువుకున్నారు. ఇప్పుడు ఇర్షాద్ బండి మీద కలిసి వచ్చి కలిసి పోతున్నారు. శిక్షణ గడువు తీరిపోయింది. ఇద్దరిలో ఒక్కరినే ఫిట్టర్‌గా ఉంచుకుంటామని మేనేజరు చెప్పాడు. ఎవరనేది ఫోర్‌మన్ సారయ్య ఆ రోజే తేల్చాలి.

అప్రెంటిస్ బతుకంటే ఏమిటో ఏసీ గదుల్లో కూర్చుని సంతకాలు పెట్టేవాళ్ళకు తెలియదు. అరచేతి తోలు ఊడేదాకా ఆకురాయి పట్టాలి. ఎవడో పారేసిన స్పానర్ కోసం గ్రీజు గుంటలో చెయ్యి పెట్టాలి. అమ్మను, అక్కను కలిపి తిడితే తల వంచుకుని నేర్చుకోవాలి. అంతా చేశాక "ఇగ రావద్దు" అంటే ఆ పిల్లగాడు ఏ మొహంతో ఇల్లు చేరాలి? ఇర్షాద్ తల్లి అనీస్ బేగం అప్పటికే వాడకట్టంతా చెప్పుకుంది, కొడుకు ఇంజనీర్ల పక్కన నిలబడి పని చేస్తున్నాడని.

అసలు కడుపుమంట మొదలైంది మాత్రం ఒక ఇనుప చువ్వతో. దాని ఒక కొసన చెక్క గుండు ఉంటుంది. తిరుగుతున్న మిషన్ బేరింగ్ మీద చువ్వ మొన ఆనించి, గుండు చెవికి పెట్టుకుంటే లోపలి చప్పుడంతా చెవిలోకి వస్తుంది. బేరింగ్ బాగుందో అరిగిందో అలాగే పట్టుకుంటారు. మొన్నామధ్య సారయ్య ఇదే ఫ్యాన్‌కు చువ్వ పెట్టి ఇద్దరినీ వినమన్నాడు. బాగుందన్నాడు ఇర్షాద్. పోయిందన్నాడు మొగిలి. సారయ్య తానూ విని, నవ్వి, చువ్వ తీసుకుపోయి మొగిలి చేతిలో పెట్టాడు.

"ఉంచుకో బిడ్డా. నా చెవి నీకచ్చింది."

ఆనాటి నుంచి ఇర్షాద్‌కు తిన్నది ఒంటబట్టలేదు. మొగిలి టిఫిన్ విప్పితే కూర ఎక్కువున్నట్టు కనిపించేది. మొగిలి నవ్వితే తనను చూసే నవ్వినట్టుండేది. బండి మీద ఇంటికి పోతుంటే వెనక కూర్చున్నవాడి బరువు రోజురోజుకూ పెరుగుతున్నట్టు తోచేది.

ఆ పగలు పని ఆ బేరింగ్ మార్చడమే. సారయ్య ఫ్యూజులు పీకి తన జేబులో వేసుకున్నాడు. కొత్త బేరింగ్ నూనెలో కాచి తెద్దామని మొగిలిని వెంటబెట్టుకుని పైకి పోయాడు. ఇర్షాద్‌కు దూది దులిపే పని చెప్పాడు. తర్వాత సొరంగంలోకి దూరి లోపలి బోల్టు పట్టుకునేది కూడా అతనేనన్నాడు. బేరింగ్ కాచేది ఒకడు, చీపురు పట్టేది ఒకడు.

చువ్వ ఫ్యాన్ దిమ్మె మీదే ఉంది.

ఆగిన మిషన్‌కు చువ్వ పెట్టొద్దని సారయ్య కట్టడి. ఎందుకని ఎవరైనా అడిగితే ఇంకో పని పురమాయించేవాడు. ఇర్షాద్ చీపురు పక్కన పడేసి చువ్వ అందుకున్నాడు. వాడి చెవికి వినిపించింది నా చెవికెందుకు వినిపించదు? మొన బేరింగ్ మీద ఆనించి, గుండు చెవికి అదిమి పెట్టుకున్నాడు.

ఏమీ లేదు. తన గుండె చప్పుడే.

తర్వాత సన్నగా హోరు మొదలైంది. కళ్ళు తెరిచి చూశాడు. ఫ్యాన్ కదలడం లేదు. కానీ చువ్వలో తిరుగుతోంది... ఆగకుండా తిరుగుతోంది. ఆ హోరు వెనక ఎవరో ఊపిరి తీస్తున్నారు. గొంతులో దూది అడ్డం పడ్డవాడిలా.

"కొత్తోడా..."

ఇర్షాద్ లాక్కోబోయాడు. గుండు చెవి నుంచి రాలేదు.

"ఎవన్ని ఉంచుకుంటాండ్లు?"

పారిపోవాలి. ఎవడైనా పారిపోతాడు. కానీ ఆ ప్రశ్న అతని కడుపులో రగులుతున్న ప్రశ్నే.

"మొగిలిని," అన్నాడు గుసగుసగా.

"నేను గూడ అప్రెంటిసునే, సారయ్యతోని చేరిన." చాలాసేపు ఊపిరి. "నన్ను ఉంచుకోలె."

హోరు తగ్గింది. గొంతు ఇంకా దగ్గరికి వచ్చింది.

"వాణ్ణి జర లోపలికి పంపు..."

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. చువ్వ ఊడి చేతిలోకి వచ్చింది. మొగిలి ఒక్కడే దిగుతున్నాడు. బేరింగ్ కాగుతోందని, ఈలోపు లోపలి బోల్టు వదులు చేయమని సారయ్య అన్నాడని చెప్పాడు. ఇర్షాద్‌ను చూసి పకపకా నవ్వాడు.

"ఏం భాయ్, తాత లెక్క తెల్లగైనవ్. నీకింక పిల్లనెవడిస్తడు?"

ఇర్షాద్ నవ్వలేదు. దూది పడక దమ్ము ఆడడం లేదని, తనకు బదులు లోపలికి పోతావా అని అడిగాడు. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో అతనికే ఆశ్చర్యం వేసింది.

"గింత దానికి గట్ల మొహం పెట్టవడ్తివి. జరుగు." మొగిలి టార్చి తీసుకుని ఫ్యాన్ రెక్కల సందులోంచి దూరాడు. సగం లోపలికి పోయి వెనక్కి చూశాడు. "పైన సారయ్య మేస్త్రికి చెప్పిన. నాకన్న నీకు జరూరత్ ఉన్నది, నిన్నే ఉంచుకోమన్న. ఫికర్ చేయకు."

చల్లబడాల్సిన మాట. అసూయ ఎక్కినవాడికి అది కూడా తిట్టులాగే వినిపిస్తుంది. దానం చేస్తున్నాడు నాకు, అనుకున్నాడు ఇర్షాద్. వీడు వదిలేస్తే ఏరుకోవాలా నేను?

మొగిలి సొరంగంలోకి పోయాడు. టార్చి వెలుగు దూది మీద కాసేపు ఆడింది.

ఆరిపోయింది.

ఫ్యాన్ రెక్క కదిలింది. ఫ్యూజులు సారయ్య జేబులో ఉన్నాయి. అయినా కదిలింది. మెల్లగా... నిద్రలో మనిషి పక్కకు ఒత్తిగిలినట్టు. ఒక రెక్క వచ్చి ఆ సందును మూసి నిలబడింది.

పిలవాలి. ఇర్షాద్ నోరు తెరిచాడు. పిలవలేదు. లోపల మెత్తగా ఏదో ఈడ్చినట్టయింది. అప్పుడూ పిలవలేదు. లోపల ఏ అలికిడీ లేకుండా పోయాక, భయం అసూయను దాటాక, అప్పుడు అరిచాడు.

"మొగిలీ!"

రెక్క పక్కకు జరిగింది. సందులోంచి మొగిలి బయటికి వచ్చాడు. తల నుంచి కాళ్ళ దాకా దూది, కనురెప్పల మీద కూడా. దులుపుకోలేదు.

ఇర్షాద్‌కు ప్రాణం లేచి వచ్చింది. ఏమైందని అడిగితే మొగిలి తల ఊపాడు, అంతే. సారయ్య కాగిన బేరింగ్‌ను పట్టకారుతో పట్టుకుని దిగాడు. మొగిలి పాతదాన్ని ఊడబీకి, కొత్తదాన్ని అందుకుని ఇరుసు మీదికి ఎక్కించాడు. అంత వేడిని ఉత్త చేతులతోనే పట్టుకున్నాడు. సారయ్య ఆ చేతులను చూస్తూ ఉండిపోయాడు.

"పైన చెప్పిన మాట మీదనే ఉన్నవా బిడ్డా? ఇర్షాద్‌ను ఉంచుకోమంటవా?"

"లేదు," అన్నాడు మొగిలి. "నాకే కావాలె."

సారయ్య సరేనన్నాడు. మిల్లు మళ్ళీ నడిపే వేళయిందని, ఫ్యూజులు తాను పెట్టుకుంటానని చెప్పి ఇద్దరినీ ఇంటికి పంపేశాడు. మెట్లెక్కేటప్పుడు మొగిలికి దారిచ్చి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

బయట ఇంకా ఎండ ఉంది. ఇర్షాద్ పళ్ళు కొరుకుతూ బండి తీశాడు. ఇందాక వదిలేస్తానన్నవాడు అంతలోనే లాక్కున్నాడు. వాడికోసమా నేను కింద అంత భయపడింది? కోపంలో చాలా దూరం పోయాక గాని తెలియలేదు, బండి ఎంత తేలికగా పోతోందో. వెనక ఎవరూ లేనట్టు. అద్దంలో చూశాడు. మొగిలి కూర్చునే ఉన్నాడు.

పల్లెకు పోయే అడ్డరోడ్డు వచ్చింది.

"ఎటు పోవాలె?" అన్నాడు వెనకనుంచి మొగిలి.

బండి అలవాటు కొద్దీ మలుపు తిరిగింది.

ఇంటి ముందు మొగిలి తల్లి సమ్మమ్మ మిరపకాయలు ఎత్తుతోంది. బండి చప్పుడుకు నవ్వుతూ లేచింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. మొగిలి దిగి, ఆమె పక్కనుంచే ఇంట్లోకి పోయాడు. లోపలి నుంచి అతని గొంతే వినిపించింది, నౌకరీ వచ్చిందని, అన్నం పెట్టమని.

సమ్మమ్మ ఇర్షాద్ చొక్కా పట్టుకుంది.

"గొంతు మావోనిదే... ఆ ముసలాయనెవరు బిడ్డా? మా మొగిలేడి?"

పొలాల మీదుగా, మిల్లు వైపు నుంచి, ఫ్యాన్ హోరు మొదలైంది.