నీలం రాయి

ఆ బడి సైన్స్ ల్యాబ్‌లో గాలికి తప్ప అన్నిటికీ లేబుల్ ఉండేది. గాలికి కూడా ల్యాబ్ అసిస్టెంట్ ఒకటి అంటించాడనీ, అది ఊడి ఎగిరిపోయిందనీ పిల్లలు ఒట్టేసి చెబుతారు. అందుకే అతన్ని అందరూ లేబుల్ అనేవారు. లేబుల్ మీద పదార్థం పేరు తప్ప మరో ముక్క రాయకూడదన్నది అతని నియమం.

ఆ నియమమే అతని కొంప ముంచింది.

కెమిస్ట్రీ మాస్టారు కాలు విరిగి మూడు నెలలు సెలవు పెడితే, ఆయన బదులు ఒక కొత్త టీచరమ్మ వచ్చింది. మొదటి రోజే బల్ల మీద ‘కాపర్ సల్ఫేట్’ అని రాసి ఉన్న గిన్నె అందుకుంది. అందులోని నీలం రాయిని కల్వంలో వేసి మెత్తగా నూరింది. కాస్త పొడి పరీక్షనాళికలో పోసి వేడి చేసింది. నీలం పొడి తెల్లబడింది. గుమ్మంలో నిలబడ్డ లేబుల్ మొహం అంతకన్నా తెల్లబడింది.

“అది ఏడు నెలలు పెంచిన స్ఫటికమండీ. కోడిగుడ్డంత అయింది.”

“అయ్యో. ముట్టుకోవద్దని రాయాల్సిందండీ.”

“ముట్టుకోవద్దు అనేది పదార్థం కాదు కదండీ.”

పిల్లలు ఘొల్లుమన్నారు. ఆమె నవ్వు ఆపుకుంది. ఆపుకోవడం అతను చూశాడు. అసలు గొడవంతా అక్కడే మొదలైంది.

ఆమె తెల్లపొడి మీద నీటిచుక్క వేసింది. పొడి మళ్లీ నీలమైంది. “చూశారా, ఏమీ పోలేదు.”

“రంగు వచ్చిందండీ. నా రాయేదీ?”

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు, స్లిప్పులే. ఆమెకేం కావాలన్నా కాగితం మీద రాసి పంపాలి. ఒక స్లిప్పు ఇలా ఉంది: ‘బీకర్లు రెండు. చిరునవ్వు ఒకటి, స్టాకుంటే.’

కింద అతను రాశాడు: ‘బీకర్లు ఇవ్వడమైనది. రెండోది స్టాకు లేదు.’

రెండో నెలలో వానలు పట్టుకున్నాయి. ఆ వానకి బడి ఒక మూర పక్కకి జరిగిందంటారు. జరిగిందో లేదో గానీ, కిటికీ దగ్గర నిలబడి వాన చూసే టీచరమ్మకీ, సీసాలు తుడిచే లేబుల్‌కీ మధ్య దూరం మాత్రం తగ్గింది. ఒక స్లిప్పు కింద ‘రెండోది కొద్దిగా వచ్చింది’ అని చేరింది.

అప్పటి నుంచి మాస్టారి కాలు గురించి లేబుల్ పడ్డ ఆరాటం డాక్టరు కూడా పడలేదు. ఆ కాలు నిదానంగా అతుక్కుంటే బాగుండునని అతని ఆశ.

ఒక శుక్రవారం హెడ్మిస్ట్రెస్ అతన్ని గదికి పిలిచింది. ఆవిడ అతని తల్లికి అక్క.

“మాస్టారు సోమవారం వస్తున్నారు.”

“కాలు పూర్తిగా అతికిందంటావా, పెద్దమ్మా?”

“బళ్లో మేడం అను. ఆ అమ్మాయితో చెప్పావా?”

“ఏం చెప్పాలి?”

“సీసాలో ఏముందో సీసా మీద రాస్తావు. నీ లోపల ఏముందో నన్ను రాయమంటావురా?”

సాయంత్రం టీచరమ్మ తన బీరువా ఖాళీ చేస్తుంటే సాయానికి వెళ్లాడు. అడుగు అరలో లేబుల్ లేని జాడీ కనిపించింది. తన ల్యాబ్‌లో లేబుల్ లేని జాడీ! గబుక్కున చెయ్యి చాచాడు.

“కదపకండి,” అంది ఆమె.

వంగి చూశాడు. జాడీ నిండా నీలం ద్రావణం. మూతి మీద అడ్డంగా పెన్సిలు. దానికి వేలాడుతూ శనగగింజంత స్ఫటికం.

“మీ రాయేనండీ. నాళికలోదీ, కల్వంలోదీ గీకి, అంతా కరిగించాను. వానలు కదా, నీళ్లు తొందరగా ఆరడం లేదు.”

స్ఫటికం వేలాడుతున్నది దారానికి కాదు, పొడవాటి తలవెంట్రుకకి.

“దారం లేదా అండీ?”

“మీ బీరువాలో ఉంది. అడిగితే స్లిప్పు రాయమంటారు.”

అతను వెంట్రుకని చూస్తూ ఉండిపోయాడు. ఇప్పుడది రాయి లోపల ఉంది. రాయి పగలకుండా బయటికి రాదు.

“కోడిగుడ్డంత కావాలంటే?”

“ఇంకో ఏడెనిమిది నెలలు. సోమవారం నుంచి నేనుండను. మీరే చూసుకోవాలి.”

“ఒక్కణ్నీ నా వల్ల కాదండీ.”

“ఇదివరకు ఒక్కరే చూసుకున్నారుగా.”

“అప్పుడు అందులో మీ వెంట్రుక లేదు.”

ఈసారి ఆమె నవ్వు ఆపుకోలేదు.

అతను జేబులోంచి లేబుల్ తీసి రాశాడు. జాడీ కదలకుండా మెల్లగా అంటించాడు. ఆమె చదివింది. “ముట్టుకోవద్దని కూడా రాయండి,” అంది. అదీ రాశాడు.

తలుపు దగ్గరికి వచ్చిన హెడ్మిస్ట్రెస్ కళ్లజోడు సర్దుకుని చదివింది: ‘మా ఇద్దరిదీ. ముట్టుకోవద్దు.’

“ఇందులో పదార్థం పేరేదిరా?”

“తర్వాత రాస్తాలే, పెద్దమ్మా.”

ఈసారి ఆవిడ మేడం అనమనలేదు. టీచరమ్మ వైపు తిరిగి, “మీ నాన్నగారి ఫోన్ నంబరివ్వమ్మా,” అంది.