రెండు ఎర్రమచ్చలు

భరత్‌కు నీళ్లు పోసే పని వెంకటసుబ్బమ్మది. కాళ్లు చాపుకుని, ఐదు నెలల మనవణ్ణి వాటి మీద పడుకోబెట్టుకుని గోరువెచ్చని నీళ్లు పోస్తుంటే వాడు కేరింతలు కొడతాడు. ఆత్మకూరు బజారులో వాళ్ల గుడ్డల అంగడి తెరిచేలోపు ఆ ఇంట్లో జరిగే సంబరం అదే. ఆ రోజు మాత్రం ఆవిడ వాడి కుడి కనుబొమ పైనున్న ఎర్రమచ్చను పదేపదే తడిమి చూసింది. రూపాయి బిళ్లంత మచ్చ, చర్మానికి సమంగా నున్నగా ఉంటుంది. వాడు ఏడిస్తే ముదురుతుంది, నిద్రపోతే పలచబడుతుంది. ఎన్నిసార్లు చూసినా ఆవిడకు అది వింతే.

ఆ ఇంటికి ఎర్రమచ్చ కొత్త కాదు. పెద్ద మనవరాలు, భరత్ అక్క హర్షితకు పుట్టిన రెండు వారాలకు భుజం మీద చిన్న చుక్క లేచి, చూస్తుండగానే రేగుపండంత ఉబ్బి, అందరినీ హడలగొట్టి, బడికి పోయే వయసుకు దానంతటదే కరిగిపోయింది. అప్పుడు ఊళ్లో డాక్టరు దాన్ని ‘హెమాంజియోమా’ అన్నాడు. భరత్‌ను చూపిస్తే మళ్లీ అదే మాట అన్నాడు. పేరు ఒకటే అయ్యాక జబ్బు మాత్రం వేరెందుకవుతుందని ఇంటిల్లిపాదీ నమ్మేశారు. ఇప్పుడు జరుగుతున్న కొట్లాటంతా మందు గురించే.

కోడలు విజయదుర్గ అప్పటికే సంచి సర్దుకుంది. ఈ మచ్చలకు చుక్కల మందు వచ్చిందట, నెల్లూరులో చర్మం డాక్టరుకు చూపించి వేయిస్తానంటుంది. పాలు తాగే బిడ్డకు మందేమిటని అత్తగారు అడ్డం పడింది.

“హర్షితకు ఏం మందేసినాం? అదే పోలా?” అంది.

“పోయింది సరే అత్తా. ఇది కంటి పక్కన ఉండాది. రేపు బిడ్డకు ఏమన్నా అయితే మీరు బదులు చెప్తారా?”

బదులు చెప్పాల్సిన సంగతి వెంకటసుబ్బమ్మ దగ్గర నిజంగానే ఒకటుంది.

ఆ మచ్చ భరత్ పుట్టిన రోజే ఉంది. విజయదుర్గ ఉదయగిరి పిల్ల. తల్లి లేదు కాబట్టి పురుడు అత్తగారే పోసింది. ఆపరేషన్ గదిలోంచి నర్సు తెచ్చిన బిడ్డను మొదట అందుకున్నదీ ఆవిడే. మచ్చ చూడగానే పొత్తిగుడ్డ అంచు దాని మీదికి లాగేసింది. ఎందుకంటే అంతకు కొన్ని నెలల ముందు, గ్రహణం పట్టిన సాయంత్రం, అంగడికి గిరాకీ వస్తే కడుపుతో ఉన్న విజయదుర్గ కత్తెర పట్టుకుని జాకెట్ గుడ్డ కోసి ఇచ్చింది. బిడ్డకు మచ్చ పడుతుంది చూడమని అత్తగారు నలుగురిలో నోరు చేసుకుంది. ఆ మాట నిజమైనట్టు కనబడితే మంచం మీదున్న బాలింత కుమిలిపోదా? అందుకే మచ్చ మీద ఆముదపు మసితో పెద్ద దిష్టిచుక్క పెట్టేసింది. నీళ్లు పోసేదీ తానే, చుక్క పెట్టేదీ తానే కాబట్టి ఎవరికీ తెలియలేదు. నాలుగో వారంలో ఆవిడ ఉదయగిరిలో పెళ్లికి పోయిన రోజు విజయదుర్గ బిడ్డకు నీళ్లు పోసి మచ్చ చూసింది. అక్కకు లేచినట్టే తమ్ముడికీ లేచిందనుకుంది. ఎలాగూ పోయేదే కదా, ఇప్పుడు చెప్పి చేసేదేముందని అత్తగారు ఊరుకుంది.

“నేనూ వస్తా పద,” అని ఆవిడ చీర కొంగు సర్దుకుంది. సంగం దాటి నెల్లూరు చేరేదాకా బస్సులో బిడ్డ ఆవిడ ఒళ్లోనే ఉన్నాడు.

డాక్టరు దివ్యశ్రీ మచ్చను వేలితో నొక్కి వదిలింది. తెల్లబడి మళ్లీ ఎర్రబడింది. పుట్టినప్పుడే ఉందా, తర్వాత వచ్చిందా అని అడిగింది. తర్వాతే వచ్చిందని విజయదుర్గ గట్టిగా చెప్పింది. వెంకటసుబ్బమ్మకు ఆ ప్రశ్నే విచిత్రంగా తోచింది.

“ఎప్పుడొస్తే ఏమమ్మా? రెండూ ఎరుపే కదా?”

డాక్టరు విసుక్కోలేదు. పిల్లల ఎర్రమచ్చల్లో రెండు జాతులున్నాయంది. ఒకటి హెమాంజియోమా, అంటే రక్తనాళాల గడ్డ. సాధారణంగా పుట్టాక లేచి, గబగబా పెరిగి, తర్వాత తనే కరుగుతుంది. చుక్కల మందు దానికే. రెండోది గడ్డే కాదు, కడుపులోనే నాళాలు వెడల్పుగా ఏర్పడటం. పుట్టుకతోనే ఉంటుంది, బిడ్డతోపాటు పెరుగుతుంది, తనంతట తాను పోదు. ఒకప్పుడు డాక్టర్లు కూడా రెండింటినీ ఒకే పేరుతో పిలిచేవారట. ఇప్పుడు విడదీసి వేరే పేర్లు పెట్టారు.

“అంటే ఎరుపు అద్దిన గుడ్డ వేరు, ఎర్రనూలుతో నేసిన గుడ్డ వేరు. అంతేనామ్మా?” వెంకటసుబ్బమ్మ కళ్లు చిట్లించి అడిగింది.

డాక్టరు నవ్వి, అంతేనంది. రెండోదైతే, నుదుటి మీద కంటికి దగ్గరగా ఉంది కాబట్టి కంటిలో ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతినే ప్రమాదముందనీ, అవసరమైతే తలకు స్కాన్ కూడా తీయించాలనీ చెప్పింది.

చూపు అనే మాట విన్నాక వెంకటసుబ్బమ్మ ఆగలేకపోయింది.

“పుట్టినప్పుడే ఉండాదమ్మా. నేను చూసినాను. చుక్క పెట్టి మూసినాను.”

అయితే ఇది రెండో జాతే, పోర్ట్ వైన్ స్టెయిన్ అంటారని చెప్పి డాక్టరు అప్పటికప్పుడే కంటి డాక్టరు దగ్గరకు పంపింది. బయట బెంచీ మీద విజయదుర్గ బిడ్డను గుండెకు హత్తుకుని కూర్చుంది. మచ్చ ఎందుకు మూశారని అత్తగారిని అడిగింది.

“గ్రహణం నాడు నేనన్న మాట నీకు గుర్తొస్తాదని.”

“గుర్తు రాకుండా ఎట్లుంటాది అత్తా? మచ్చ చూసినప్పటి నుంచి రోజూ అదే గుర్తొస్తా ఉండాది.”

వెంకటసుబ్బమ్మ మచ్చను దాచింది గానీ, తన మాటను దాచలేకపోయింది. ఈ పిల్ల మందు కోసం పోట్లాడిందంతా ఆ బరువుతోనే అని ఆవిడకు అప్పుడు తెలిసింది.

కంటిలో ఒత్తిడి ప్రస్తుతానికి మామూలుగానే ఉందన్నారు. వాళ్లు తిరిగి వచ్చాక, అప్పుడప్పుడూ కంటి పరీక్ష చేయిస్తూ, తొందరగా లేజర్ మొదలుపెడితే మచ్చ బాగా పలచబడుతుందని దివ్యశ్రీ చెప్పింది. ఇంకేమైనా అడగాలా అంటే విజయదుర్గ తల దించుకుంది.

“నేను గ్రహణం రోజు కత్తెర పట్టుకున్నాను మేడం. అందుకే ఇట్లా అయిందా?”

“కాదమ్మా. కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు ఒక కణంలో దానంతటదే వచ్చిన చిన్న మార్పు. నువ్వు చేసినదాని వల్ల రాలేదు.”

విజయదుర్గ విన్నట్టే ఉంది గానీ తల ఎత్తలేదు. వెంకటసుబ్బమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని కోడలి చెయ్యి పట్టుకుంది.

“ఇంకొకసారి చెప్పండమ్మా,” అంది డాక్టరుతో. “మా పిల్ల సరిగ్గా వినాల. ఆ రోజు నోరు పారేసుకుంది నేను, నేనూ వినాల.”

డాక్టరు ఈసారి నిదానంగా, ఒక్కో మాటా ఒత్తి చెప్పింది. అది పూర్తయ్యేలోపే విజయదుర్గ అత్తగారి భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.