ముప్పై నిండేదాకా

యువత కోసం పెట్టిన సమావేశానికి ఒక్క యువకుడూ రాలేదు.

దేశంలోని కుర్రకారు ఆరోగ్యానికీ అభివృద్ధికీ పదేళ్ళ ప్రణాళిక వేస్తున్నారు. వేస్తున్నవాళ్ళందరికీ కళ్ళజోళ్ళున్నాయి, సగంమందికి మోకాళ్ళ నొప్పులున్నాయి. "యువత అభిప్రాయం కూడా తీసుకున్నాం" అని రాసుకోవాలి కదా, అందుకని ఒక మంగళవారం పొద్దున పదకొండింటికి ప్రణాళికా కార్యాలయంలో సమావేశం పెట్టారు. కుర్చీలు వేశారు. కుర్చీకో నీళ్ళ సీసా, బిస్కెట్ ప్యాకెట్ పెట్టారు. మనుషులే లేరు.

ఛైర్మన్‌గారు వచ్చే వేళయింది. సెక్షన్ ఆఫీసరుకి ఏసీ గదిలో చెమటలు పట్టాయి.

"ఏమయ్యా డ్రాఫ్టూ, నీ వయసెంత?"

డ్రాఫ్టు అంటే మన కథానాయకుడు. ఆ ఆఫీసులో ఏ కాగితానికైనా మొదటి చిత్తుప్రతి రాసేది అతనే. సంతకం పెట్టేది ఇంకొకరు. అందుకే అసలు పేరు పక్కకి పోయి ఆ పేరు స్థిరపడిపోయింది. మీటింగుల్లో గోడవారగా కూర్చుని రాసుకోవడమే తప్ప, నోరు విప్పి ఎరగడు.

"ఇరవై తొమ్మిది సార్. ఇంకో రెండు నెలల్లో..."

"ముప్పై నిండలేదుగా! మన లెక్కలో ముప్పై లోపు వాళ్ళంతా యువతే. నువ్వే రాశావుగా ఆ ముక్క! వెళ్ళి ముందు వరసలో కూర్చో."

డ్రాఫ్టు వెళ్ళి కూర్చున్నాడు. అంత పెద్ద హాల్లో అతనొక్కడే దేశ యువత.

అప్పుడు తలుపు తోసుకుని ఒకమ్మాయి వచ్చింది. బయట వాన. గొడుగు ఉంది కానీ, ఆ వానకి గొడుగు ఓడిపోయినట్టుంది. నుదుటి మీది జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఖాళీ కుర్చీల వైపు చూసింది, తర్వాత అతని వైపు చూసింది.

"మీరొక్కరేనా యువత?"

"అవునండీ" అన్నాడు. అబద్ధమేం కాదుగా!

"సరే, ఒక్కరైనా దొరికారు. అదే పదివేలు." పక్క కుర్చీలో కూర్చుంది. "నేను మార్కెట్ వీధి యూత్ క్లినిక్‌లో పిల్లల కష్టసుఖాలు వినే కౌన్సిలర్ని. ఇక్కడ పాతికమంది పిల్లలుంటారు, మాట్లాడదామని వానలో తడుస్తూ మరీ వచ్చాను. మిమ్మల్నే అడుగుతాను, చెప్పండి. రాత్రి ఎన్నింటికి పడుకుంటారు?"

"పదకొండింటికి పడుకుంటానండీ. నిద్ర మాత్రం రెండింటికి పడుతుంది."

"వ్యాయామం?"

"లిఫ్టు పాడైనప్పుడు మెట్లెక్కుతానండీ."

"స్నేహితులు?"

"ఉన్నారండీ." కాసేపు ఆలోచించాడు. "ఉండేవాళ్ళండీ."

"మనసులో మాట ఎవరితో చెప్పుకుంటారు?"

"మా నాయనమ్మతో. ఆవిడకి సరిగ్గా వినపడదు."

ఆ అమ్మాయి నవ్వలేదు. నవ్వితే బాగుండు అనుకున్నాడు డ్రాఫ్టు. అడిగినదానికి జవాబు కోసం ఎదురుచూస్తూ ఒక మనిషి తన మొహంలోకి అలా చూసి ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు.

"మీరు మా క్లినిక్‌కి రావాలి, తప్పకుండా" అని పసుపు రంగు కార్డొకటి చేతిలో పెట్టింది. "సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా."

ఇంతలో ఛైర్మన్‌గారు వచ్చారు. యువత చెప్పేది వినడం ఎంత ముఖ్యమో గంటసేపు ఉపన్యసించారు. ఆ అమ్మాయి మధ్యలో చెయ్యెత్తింది, మళ్ళీ ఎత్తింది. ఆయన "చూశారా, ఎంత ఉత్సాహమో!" అని మెచ్చుకుని భోజనానికి వెళ్ళిపోయారు.

*

యూత్ క్లినిక్ ఒక సైకిల్ షాపు పైన ఉంది. డాక్టరుకో గది, కౌన్సిలింగ్‌కో గది, ముందు హాల్లో టేబుల్ టెన్నిస్ బల్ల. సాయంత్రం అయ్యేసరికి షాపుల్లో, గ్యారేజీల్లో, కాలేజీల్లో పని ముగించుకున్నవాళ్ళంతా అక్కడ చేరతారు. కొందరు ఒంటికి బాగాలేక, కొందరు మనసు బాగాలేక, కొందరు ఊరికే. అక్కడ ఎవరూ ఎవరి ఉద్యోగమూ అడగరు. అది డ్రాఫ్టుకి బాగా కలిసొచ్చింది.

కలిసిరానిది ఒక్కటే. మొదటిరోజే కౌన్సిలర్ చెప్పేసింది.

"ఇక్కడ సార్లూ మేడమ్‌లూ లేరు. నేను అందరికీ అక్కని. ఎంత పొడుగువాడైనా సరే, ముప్పై నిండేదాకా నాకు తమ్ముడే. నిన్ను కూడా ఇక నువ్వనే అంటాను. ఏం తమ్ముడూ?"

డ్రాఫ్టు గుండె గుభేలుమంది. తనకంటే ఏడాది చిన్నది, అక్కట! ఒక్కసారి నోరు జారి ఆ పిలుపు పిలిచాడా, ఇక అంతే సంగతులు. ఈ భాషలో అన్నమాట వెనక్కి తీసుకోవచ్చు గానీ, అక్కా అన్నమాట వెనక్కి తీసుకోవడం బ్రహ్మతరం కాదు.

అందుకని పిలవడమే మానేశాడు. ఆమెతో పని పడితే బల్ల మీద తట్టేవాడు. "ఇదిగో" అనేవాడు. "అదేనండీ" అనేవాడు. ఏదీ కుదరకపోతే దగ్గేవాడు. ఆ దగ్గు విని విని ఆమె అతన్ని డాక్టరు గదిలోకి పంపింది. డాక్టరు టార్చి వేసి చూసి, "గొంతు బ్రహ్మాండంగా ఉంది. రోగం ఇంకెక్కడో ఉంది" అని పంపేశాడు.

సెల్‌ఫోన్ షాపులో పనిచేసే పంతొమ్మిదేళ్ళ పిల్లొకతి ఉంది అక్కడ. అందరూ రీచార్జి అంటారు. ఆ పిల్ల కళ్ళు కప్పడం ఎవరివల్లా కాదు.

"ఏంటన్నా, అక్కా అంటే నీ సొమ్మేం పోతుంది?"

"అలవాటు లేదు."

"నాకు తెలుసులే నీ అలవాటు!" అని సర్వీస్ చేసింది. బంతి వచ్చి అతని ముక్కు మీద తగిలింది.

అయినా చెప్పొద్దూ, డ్రాఫ్టు బాగుపడ్డాడు. చెమటలు పట్టేలా ఆడాడు. తన మాట వినే మనుషులు దొరికారు. పడుకోగానే నిద్ర పట్టేది, పట్టేముందు మాత్రం ఒక మొహం గుర్తొచ్చేది. నాయనమ్మ ఇదంతా కనిపెట్టింది. ఆవిడకి చెవుడు నిజమే కానీ, కావలసినవి మాత్రం గోడ అవతలివి కూడా వినిపిస్తాయి.

"రోజూ ఎక్కడికిరా సెంటు కొట్టుకుని?"

"క్లినిక్‌కి."

"ఎవర్రా ఆ పిల్ల?"

"అందరికీ అక్క."

"మరి నీకు?"

డ్రాఫ్టు దుప్పటి ముసుగు తన్నాడు. లోపలి నుంచి దగ్గు వినిపించింది.

*

ఆ సాయంత్రం కూడా వానే. కౌన్సిలర్ విసవిసా మెట్లెక్కి వచ్చింది. ఆమె మొహం చూసి హాల్లో ఆట ఆగిపోయింది.

"ప్రణాళిక ముసాయిదా వెబ్‌సైట్లో పెట్టారు. వినండి. 'యూత్ క్లినిక్‌లు ఇకపై ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు మాత్రమే పనిచేస్తాయి.'"

"పదింటికా? అప్పుడు నేను షాపులో ఉంటాగా!" అంది రీచార్జి.

"అందరూ పనిలో ఉంటారు. పొద్దుటిపూట నేను ఖాళీ కుర్చీలకి కౌన్సిలింగ్ చెయ్యాలి. ఎవరూ రావడం లేదని ఏడాది తిరక్కుండా దీన్ని మూసేస్తారు. ఆ రాసినవాడెవడో గానీ, వాడు అసలు కుర్రతనమే లేకుండా ముసలాడిగా పుట్టుంటాడు!"

డ్రాఫ్టు చేతిలో బ్యాటు జారి కింద పడింది. ఆ వాక్యం ఏదో పాత ఆసుపత్రుల ప్రణాళికలోంచి ఎత్తి పెట్టింది అతనే. మంగళవారం సమావేశానికి ముందు, ఎవరో అర్జెంటన్నారని, టీ తాగుతూ.

దాచొచ్చు. ఎవరికీ తెలియదు కూడా. కానీ ఆమె మొహంలోకి చూసి దాచడం అతని వల్ల కాలేదు.

"అది రాసింది నేనే."

కౌన్సిలర్ అతని వైపు తిరిగింది.

"నువ్వా? నువ్వు ప్రణాళికాఫీసులో పనిచేస్తావా? మరి ఆ రోజు యువతనని చెప్పావే!"

"మీరు అడిగారు, నేను అవునన్నాను. యువతనేగా. ఇంకో నెల."

రీచార్జికి నవ్వాగలేదు. కౌన్సిలర్ ఒక్క చూపు చూసేసరికి ఆగిపోయింది.

"నీకు నిద్ర పట్టట్లేదంటే పాపం అనుకున్నాను" అంది మెల్లగా. "మా అందరి నిద్రా పోగొట్టేది నువ్వేనన్నమాట. సరే. రాసింది నువ్వు, మార్చేదీ నువ్వే. వచ్చేవారం చివరి మీటింగుకి నన్నూ పిలిచారు. అక్కడ చూస్తాను, నీకు నోరుందో లేదో."

*

చివరి మీటింగు. పొడుగాటి బల్ల, ఆ చివర ఛైర్మన్‌గారు, ఈ చివర కౌన్సిలర్, గోడవారగా డ్రాఫ్టు. పేజీలు ఒక్కొక్కటీ తిరుగుతున్నాయి. క్లినిక్‌ల పేజీ వచ్చింది. ఛైర్మన్‌గారు "బాగుంది, ఆమోదం" అని తిప్పబోయారు.

డ్రాఫ్టు లేచి నిలబడ్డాడు. సెక్షన్ ఆఫీసరు అతని చొక్కా పట్టుకుని కిందికి లాగాడు. చొక్కా వచ్చింది గానీ మనిషి రాలేదు.

"సార్, ఆ రోజు యువత సమావేశానికి యువత ఎందుకు రాలేదంటారు?"

"బాధ్యత లేక! ఈ కాలం పిల్లలకి..."

"కాదు సార్. మంగళవారం పదకొండింటికి వాళ్ళంతా పనిలో ఉన్నారు. ఆ వేళకి ఖాళీగా ఉన్నది మనమే." సెక్షన్ ఆఫీసరు మళ్ళీ చొక్కా లాగాడు, అయినా ఆపలేదు. "ఈ టైము నేనే రాశాను సార్, ఆలోచించకుండా రాశాను. పది నుంచి నాలుగైతే క్లినిక్‌కి తాళం తీస్తాం, తాళం వేస్తాం, మధ్యలో ఎవరూ రారు. సాయంత్రం తెరిస్తే వస్తారు. నేనే వెళ్ళాను. నాకు రెండేళ్ళుగా లేని నిద్ర అక్కడికి వెళ్ళాకే వచ్చింది సార్."

ఛైర్మన్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకీ రాత్రిళ్ళు నిద్ర పట్టదు. పాపం, ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

"సరే, సాయంత్రమే పెట్టండి. ఎనిమిది దాకా."

కౌన్సిలర్ ఊపిరి పీల్చుకుంది. ఆ మీటింగులో మొదటిసారి డ్రాఫ్టు వైపు చూసి చిన్నగా నవ్వింది. కథ అక్కడితో సుఖంగా అయిపోవలసిందే. కానీ ఛైర్మన్‌గారికి ఉదారత పొంగుకొచ్చింది.

"ఇంత మంచి సదుపాయం ముప్పైకే ఆపడం దేనికి? యువత వయసు ముప్పై అయిదు చేద్దాం! మావాడికి ముప్పై నాలుగు, ఇంకా యువజన సంఘం కార్యదర్శే."

ముప్పై అయిదు! ఇంకో అయిదేళ్ళు తమ్ముడు!

"వద్దు సార్!" డ్రాఫ్టు బల్ల మీద గుద్దాడు. నీళ్ళ గ్లాసు పల్టీ కొట్టి సెక్షన్ ఆఫీసరు ఒళ్ళో పడింది.

"ఎందుకొద్దు?"

"అదీ... బడ్జెట్ సార్."

"బడ్జెట్ ఉంది" అన్నాడు ఆర్థిక శాఖ ఆయన. జీవితంలో మొదటిసారి ఆ మాట అనడానికి ఆయనకి ఈ రోజే దొరికింది.

"అయితే... మనిషన్నాక ఎప్పుడో ఒకప్పుడు పెద్దవాడవ్వాలి కదా సార్! ముప్పై వస్తుందని ఒకడు రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. వాడి గతేంటి సార్?"

"ఎవడయ్యా వాడు?"

డ్రాఫ్టు దగ్గాడు.

బల్ల ఆ చివర కౌన్సిలర్ చెయ్యెత్తింది. ఈసారి ఛైర్మన్‌గారు చూశారు. ఆమె మొహంలో నవ్వు లేదు కానీ చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"నేనూ అదే అంటున్నాను సార్. ముప్పై చాలు. అంతకు మించితే అందరికీ కష్టం."

"ఇద్దరూ ఇంత గట్టిగా చెబుతున్నారంటే ఏదో శాస్త్రీయ కారణం ఉండే ఉంటుంది" అని ఛైర్మన్‌గారు ఒప్పుకున్నారు. దేశంలో యువత వయసు ముప్పై దగ్గర ఎందుకు ఆగిందో ఆ ప్రణాళికలో ఎక్కడా రాసిలేదు.

*

పుట్టినరోజు సాయంత్రం డ్రాఫ్టు క్లినిక్ మెట్లెక్కాడు. హాల్లో ఆట జోరుగా సాగుతోంది. కౌన్సిలర్ తన గది గుమ్మంలో నిలబడి చెయ్యి చాపింది.

"కార్డు."

ఇచ్చాడు. ఆమె దాన్ని సగానికి చింపి చెత్తబుట్టలో వేసింది.

"నీకు ముప్పై నిండాయి. ఇక నువ్వు యువతవి కావు, నా తమ్ముడివీ కావు. ఇంతకీ ఒక్కసారన్నా అక్కా అనలేదు. చివరిసారి అను, వినిపెడతాను."

"చస్తే అనను."

ఆమె పకపకా నవ్వింది. ఇన్నాళ్ళూ దాచుకున్న నవ్వంతా ఒక్కసారే బయటికొచ్చింది.

"నాకు మొదటి వారమే తెలుసు. గొంతు బాగున్నవాడు అంత దగ్గుతాడా? కానీ రూలు రూలే. ముప్పై నిండేదాకా ఆగాలి కదా. నేను మాత్రం లెక్కపెట్టుకోలేదనుకున్నావా?"

"నువ్వంటే నాకు చాలా ఇష్టం" అన్నాడు. దగ్గలేదు, బల్ల తట్టలేదు. చిత్తుప్రతి కూడా రాసుకురాలేదు.

"నాకూ అంతే" అంది. చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి.

"మా నాయనమ్మ నిన్ను చూడాలంటోంది. తొందరగా పడుకుంటుంది, అందుకని..." మొహమాటంగా తల గోక్కున్నాడు. "పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకానే కుదురుతుందట."

"పోనీలే! ఆ టైము ఈ దేశంలో ఒక్కరికన్నా పనికొచ్చింది. రేపే వస్తానని చెప్పు. నా డ్యూటీ ఎలాగూ సాయంత్రమేగా."

హాల్లో బంతి చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. అందరూ చెవులు రిక్కించి వింటున్నారు. రీచార్జి మాత్రం బ్యాటు ఊపుకుంటూ గుమ్మం దాకా వచ్చేసింది.

"అయితే అక్కా, ఇతనికి వయసు అయిపోయింది కాబట్టి రేపట్నుంచి రావొద్దా?"

"పేషెంటుగా రావొద్దు."

"మరి ఎలా రావాలి?"

కౌన్సిలర్ చెవుల మీదికి జుట్టు లాక్కుంది. రీచార్జికి జవాబుతో పనిలేదు. బ్యాటొకటి తీసుకొచ్చి డ్రాఫ్టు చేతిలో పెట్టింది.

"రా బావా, సర్వీస్ నీదే!"